నీనా చెయ్యి తలుపు మీదే ఉంది

కాగితానికీ గొంతు ఉంటుంది. కళ్ళున్నవాళ్ళకి ఈ మాట చెబితే, పాపం ఏదో అంటోందిలే అని తలూపి ఊరుకుంటారు. తలూపడం కూడా వినబడుతుందని వాళ్ళకి తెలియదు. పుస్తకం పేజీ తిప్పితే ఒక చప్పుడు, వార్తాపత్రిక తిప్పితే ఒక చప్పుడు, ఉత్తరం మడత విప్పితే ఇంకో చప్పుడు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కథంతా ఒక మధ్యాహ్నం వినబడాల్సిన పేజీ చప్పుడు వినబడకపోవడంతో మొదలైంది.

నా పేరు కలీపా. మా కిర్గిజ్ దేశంలోని ఓష్ ఊళ్ళో, ఆక్‌బూరా ఏటి పక్కన ఉన్న కార్ఖానాలో ఇరవై తొమ్మిదేళ్ళు కరెంటు ప్లగ్గులు బిగించాను. రెండు ఇత్తడి కాళ్ళు, రెండు డొప్పలు, మధ్యలో ఒక స్క్రూ. మా హాల్లో నలభై మందిమి, అందరం చూపు లేనివాళ్ళమే. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే చెవులు ఖాళీగా ఉంటాయి కదా, అందుకని చదివి వినిపించే మనిషి అని మా దగ్గర ఒక ఉద్యోగం ఉండేది. హాలు చివర చిన్న అద్దాల గది, అందులో ఒక మైకు, మా తలల మీద నాలుగు లౌడ్‌స్పీకర్లు. పొద్దున పత్రిక చదివేవాళ్ళు. మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి దాకా పుస్తకం.

అంతకుముందు చదివిన పెద్దమనిషి ప్రేమకథ చదివినా ట్రాక్టర్ల కథ చదివినా ఒకేలా ఆవలింతలు వచ్చేవి. డెబ్భై నాలుగు చలికాలంలో ఆయన పింఛను తీసుకున్నాడు. ఆయన జాగాలో రాబియా ఎజె వచ్చింది. అక్కని మేము ఎజె అంటాం. అప్పటికి ఆమెకి నలభై ఐదేళ్ళుంటాయేమో. ఊళ్ళో రేడియో నాటకాల్లో వేసేది. గొంతుకి ఆపరేషన్ అయ్యాక కాస్త జీర వచ్చిందని రేడియోవాళ్ళు వద్దన్నారు. వాళ్ళు వద్దన్న ఆ జీరగొంతు మాకు దక్కింది.

మొదటి రోజు నుంచే ఆమె పద్ధతి వేరు. మైకు దగ్గర ఒక టీ గిన్నె, చెంచా, ఒక సీసా, ఇంత రెక్సిన్ ముక్క పెట్టుకునేది. చెంచాతో గిన్నె అంచు మీద కొడితే నౌకలో గంట మోగినట్టుండేది. రెక్సిన్ నలిపితే మంట. సీసా మూతిలో ఊదితే అంతరిక్షంలో గాలి. అంతరిక్షంలో గాలి ఉండదని తర్వాత ఎవరో చెప్పారు. మా లౌడ్‌స్పీకర్లలో మాత్రం ఉండేది.

ఆమె ఎత్తుకున్న పుస్తకం రష్యన్‌లో రాసిన అంతరిక్ష నవల. లెనిన్‌గ్రాద్ రచయిత ఎవరో రాశాడు. కళ్ళు రష్యన్‌లో చదువుతుంటే నోరు కిర్గిజ్‌లో చెప్పేది, మధ్యలో ఎక్కడా తడుముకునేది కాదు. ఒక నౌకలో పదకొండు మంది, ఎక్కడో దూరాన ఉన్న ఒక గ్రహానికి బయల్దేరతారు. ఆ పదకొండు మందిలో నీనా అని ఒక రేడియో అమ్మాయి. చెవులకి ఫోన్లు తగిలించుకుని, అంతులేని దూరం నుంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని వింటూ కూర్చోవడం ఆమె పని. కెప్టెన్‌ని, డాక్టర్‌ని, ఇంజినీర్లని మేం పట్టించుకోలేదు. చెవులతో బతికే పిల్ల దొరికింది మాకు, ఇంకెవరు కావాలి?

నా ఎడమ పక్క ఎర్గెష్ కూర్చునేవాడు. ఇద్దరం ఒకే అంధుల బడిలో చదివాం, ఒకే ఏడు పనిలో చేరాం. వాడు పుట్టుగుడ్డి. నాకు ఏడో ఏట తట్టు పోసి చూపు పోయింది. అందుకని పుస్తకంలో నక్షత్రం అన్న మాట వచ్చినప్పుడల్లా వాడు మోచేత్తో పొడిచేవాడు.

"ఒసేయ్ కలీపా, నువ్వు చూశావుగా. అదెలా ఉంటుందో చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలిరా? ఎండాకాలం కొండ మీద గుడారం వేస్తారా, దాని పైకప్పు మీది ఉన్ని నమదాకి చిమ్మటలు కొట్టి చిల్లులు పడతాయి. వాటిలోంచి పగలు వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతుంది చూడు, అలా ఉంటుంది."

"చూడు అంటుందే నాతో! బూరుల్ అపా, విన్నారా, ఇది నన్ను చూడమంటోంది."

"వినబడుతున్నాయి మీ కూతలు," అనేది మా వరుసకి పెద్ద బూరుల్ అపా. "నోరు మూసుకోండి ఇద్దరూ. పిల్ల గోళాల మధ్య వేలాడుతుంటే మీకు చిల్లులు కావాల్సొచ్చాయి."

రోజూ మూడింటికి ఎజె గిన్నె మీద ఒకసారి కొట్టి, "రేపు రెండింటికి," అనేది. అంతే, ఇంకో ముక్క చెప్పేది కాదు. ఆ తర్వాత రెండు గంటల పని మాకు గడ్డు పని. రేపటిదాకా ఎలా ఆగడం అని నేను నిజంగా బాధపడేదాన్ని. ఆదివారాలంటే ఒళ్ళు మండేది.

మార్చిలో, చూరుల మంచు కరిగి కారుతున్న రోజుల్లో, నౌకకి ప్రమాదం జరిగింది. యంత్రాల గది తలుపు ఊడితే, అందరికంటే దగ్గరున్న నీనా దాన్ని మూయడానికి పరిగెత్తింది. రెక్సిన్ ముక్క నలిగింది. తెల్లటి మంట. నీనా కళ్ళు పోయాయి.

నలభై స్క్రూడ్రైవర్లు ఒక్కసారి ఆగాయి. బయట నీటి చుక్కలు తప్ప ఇంకేం వినబడలేదు. ఎజె వేలు పేజీ కింద దూరడం విన్నాను. పేజీ లేచింది. లేచి, ఒక్క క్షణం అలాగే ఉండి, మళ్ళీ వెనక్కి పడింది. తర్వాత టీ గిన్నె లేచింది, మళ్ళీ కిందికి దిగింది. చాలాసేపు ఏమీ లేదు.

"నీనా లేచి నిలబడింది," అంది ఎజె. గొంతు అదోలా ఉంది. "కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసుకుంది. ఏమీ లేదు. అప్పుడామె చెవి ఒగ్గింది. నౌక ఎడమ పక్క ఎక్కడో సన్నగా గాలి పోతోంది. కళ్ళున్న పదిమందికీ అది వినబడలేదు."

ఆ రోజు నుంచి పేజీ తిప్పిన చప్పుడు లేదు. నేను వేళ్ళతో స్క్రూలు తిప్పుతూ చెవి అంతా దాని మీదే పెట్టాను. ఒక రోజు, రెండు రోజులు, వారం. కథ సాగుతోంది, ఇంతకుముందు కంటే బాగా సాగుతోంది. కాగితం మాత్రం కదలడం లేదు. ఎజె పుస్తకం చదవడం లేదని, నోటికొచ్చింది చెబుతోందని నాకు అర్థమైంది.

ఆ కథ ఎలాంటిదంటే, ఇప్పటికీ తల్చుకుంటే నా వేళ్ళు జిల్లుమంటాయి. నౌక ఒక గ్రహం మీద దిగింది. ఆ గ్రహానికి సూర్యుడు లేడు. చీకటి ఎంత చిక్కటిదంటే దీపం వెలిగిస్తే దీపాన్ని మింగేస్తుంది. కెప్టెన్ తన చెయ్యి తనకి కనిపించక పిల్లాడిలా కూలబడ్డాడు. అప్పుడు నీనా తన నడుముకి తాడు కట్టుకుని, మిగిలిన పదిమంది చేతుల్లో ఆ తాడు పెట్టి, ముందు నడిచింది. నాలుకతో టక్కుమని చప్పుడు చేసి గోడ ఎంత దూరమో చెప్పేది. అరికాలితో నేల వాలు కనిపెట్టేది. కొత్త గదిలోకి పోతే గుమ్మంలో ఆగి, ముందు గాలిని ఒంటికి తగలనిచ్చి, అప్పుడు అడుగు వేసేది. ఆ టక్కు ఎర్గెష్‌ది. ఆ గుమ్మంలో ఆగడం బూరుల్ అపాది. అద్దాల గదిలోంచి ఎజె ఇన్నాళ్ళూ మమ్మల్ని చూస్తూ కూర్చుందన్నమాట. నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి మేమే మా మీద కురిశాం.

కళ్ళున్నవాళ్ళు మమ్మల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించే కథలు చాలా విన్నాను. మేం వాళ్ళని దాటించే కథ వినడం అదే మొదలు. ఇది ఆగకూడదు అనుకున్నాను. దేవుణ్ణి ఏదైనా అడిగానంటే ఆ నెలల్లో అదొక్కటే అడిగాను.

అయితే మైకులో పోయే ప్రతి పుస్తకానికీ డైరెక్టర్ సత్తారోవ్ సంతకం ఉండాలి. సంతకం లేని ఒక్క మాట పోయిందని తెలిస్తే ఆమె ఉద్యోగం పోతుంది, నీనా కథా పోతుంది. ఈ రహస్యం కనిపెట్టింది నేనొక్కదాన్నే అనుకుని బరువంతా నెత్తిన పెట్టుకున్నాను. ఒక రోజు టీ వేళ పెరట్లో కుళాయి దగ్గర ఎజె అడుగులు విని దగ్గరికి పోయాను.

"ఎజె, ఒక మాట. పేజీలు తిప్పడం మర్చిపోతున్నారు."

కుళాయి కట్టేసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మంట వచ్చిన రోజు నుంచి."

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"ఎందుకనలేదు?"

"అంటే ఆగిపోతుందిగా."

ఆమె నవ్విందో, ఏడ్చిందో, ముక్కు ఎగపీల్చిన చప్పుడు మాత్రం వినబడింది. నా చెయ్యి తీసుకుని జేబులోంచి ఒక కురుత్ ఉండ పెట్టింది. ఎండబెట్టిన పెరుగు ఉండ, పుల్లగా ఉప్పగా ఉంటుంది.

"మరి పుస్తకంలో ఏముంది ఎజె? నీనాని ఏం చేశారు?"

"పుస్తకంలో ఉన్నది నీకక్కర్లేదు. చప్పరించు."

మర్నాటి నుంచి పేజీలు తిరగడం మొదలైంది. ఎజె ఎక్కడ నటించినా బాగా నటిస్తుందిగానీ ఈ ఒక్కటీ రాలేదు. గడియారం కొట్టినట్టు ఒకే లెక్కన తిప్పేది. ఎవరైనా కనిపెడతారని నాకు భయం. ఒకనాడు ఎర్గెష్ మోచేత్తో పొడిచాడు.

"ఏమే, ఈ పుస్తకం ఎంత లావంటావ్? తిప్పుతూనే ఉంది, అయిపోవట్లేదు."

"రష్యన్ పుస్తకాలు అంతేరా. దిండు లావుంటాయి."

"ఆహా," అన్నాడు. "దిండు కాదు, పరుపు లావు." మళ్ళీ స్క్రూ అందుకున్నాడు. నేను బతికిపోయాననుకున్నాను.

మే నెల మధ్యలో నీనా ఆ చీకటి లోయ అడుగుకి చేరింది. అక్కడ రాతిగోడ, గోడలో తలుపు. మనుషులెవరూ లేరనుకున్న గ్రహం మీద తలుపు! వెనక పదిమందీ తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టారు. నీనా చెయ్యి తలుపు మీద వేసింది. రాయి చల్లగా ఉంది. అప్పుడు అవతలి నుంచి ఎవరో తట్టారు. ఎజె వేలి కణుపులతో బల్ల మీద కొట్టింది. టక్ టక్ అని రెండు దగ్గరగా. ఆగి, ఒకటి.

గిన్నె మోగింది. "రేపు రెండింటికి."

ఆ సాయంత్రం ఎవరూ తొందరగా ఇళ్ళకి పోలేదు. తట్టింది రాక్షసుడని ఒకడు, రోబో అని ఒకడు. కాదు, ముందెప్పుడో పోయిన నౌకలోవాళ్ళని బూరుల్ అపా. నాకు ఊహించడం ఇష్టం లేదు, వినాలి. ఆ గొంతుతోనే వినాలి.

మర్నాడు పొద్దున రాజధాని నుంచి తనిఖీ మనుషులు వచ్చారు. సత్తారోవ్ ముందురోజే నేల కడిగించాడు, మా అందరికీ కొత్త కోట్లు ఇచ్చాడు, ఉతకని బట్ట వాసన హాలంతా. పదకొండింటికి ఆ గుంపు మా వరుస దగ్గరికి వచ్చింది. ఒకాయన నా ముందు ఆగాడు. మెత్తటి గొంతు. చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఏమ్మా, నీ పేరేంటి?"

"కలీపా అండీ."

"పాపం, రోజంతా ఇలా చీకట్లో కూర్చుని... కష్టం కదూ తల్లీ?"

ఆ 'పాపం' దగ్గర నాకు ఒళ్ళు భగ్గుమంది. ఊరుకోవాల్సింది. ప్లగ్గు బిగించుకుంటూ, లేదండీ, అంతా బాగుందండీ అనాల్సింది. అందరూ అలాగే అన్నారు. కానీ రెండున్నర నెలలుగా నా లోపల ఒక మనిషి తాడు పట్టుకుని నడుస్తోంది, ఆమె సంగతి బయటివాళ్ళెవరికైనా చెప్పాలని గొంతు దాకా వచ్చి ఉంది.

"చీకటి మాకేం చెయ్యదండీ," అన్నాను. "మా నీనా పదిమంది కళ్ళున్నవాళ్ళని తాడు పట్టించి నడిపిస్తోంది. కెప్టెన్ కూలబడి ఏడుస్తుంటే తనే ముందు నడిచింది."

"ఏ నీనా అమ్మా?"

"నౌక కథలో నీనా. రేడియో పిల్ల."

ఆయనకి సంబరం వచ్చేసింది. "ఆ పుస్తకమా! మీరూ విన్నారా! నేను రెండుసార్లు చదివానమ్మా. కానీ తాడేంటి? అందులో నీనాకి కళ్ళు పోయాక, ఆమెని..."

ఆగిపోయాడు. ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"ఆమెని?" అన్నాను.

"ఏం లేదమ్మా. నేనేదో పొరబడ్డాను. ఎప్పుడో చదివింది."

అప్పటికే సత్తారోవ్ బూట్లు పక్కకి వచ్చి ఆగాయి. "రాబియా గారూ," అని పిలిచాడు అద్దాల గది వైపు, "ఆ పుస్తకం ఒకసారి ఇలా పట్టుకు రండి." ఆ తర్వాత చాలాసేపు పేజీలు తిరిగాయి. ఈసారి నిజం పేజీలు, ముందుకీ వెనక్కీ.

"పోనివ్వండి డైరెక్టర్ గారూ, కథే కదా," అంటున్నాడు మెత్తటి గొంతాయన.

"కథేనండీ. సంతకం మాత్రం నాది."

మా వరుసలో ఎవరూ స్క్రూడ్రైవర్ ఆపలేదు, అందరూ వంచిన తల ఎత్తకుండా బిగిస్తున్నారు. నేను ఒకే స్క్రూని బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాను.

రెండింటికి లౌడ్‌స్పీకర్లు గుయ్యిమన్నాయి. అందరం ఆగాం. ఎవరో కట్టేశారు. అంతే.

అయిదింటికి గేటు దగ్గర నిలబడ్డాను. ఎజె అడుగులు వచ్చాయి, సంచీలో గిన్నె, చెంచా ఒకదానికొకటి తగులుతున్నాయి. కాళ్ళ మీద పడాలనుకున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను, మధ్యాహ్నం అంతా ఆ మాటలే పేర్చుకున్నాను. తీరా నోరు తెరిస్తే ఇంకోటి వచ్చింది.

"ఎజె, తలుపు తట్టింది ఎవరు?"

ఆమె ఆగింది. అప్పుడు నవ్వింది, ఈసారి నిజంగా నవ్వింది.

"నాకేం తెలుసే? ఇవాళ రెండింటికి తెలిసేది."

"పోనీ ఇప్పుడు చెప్పండి."

"ఇక్కడ, గేట్లో ఎలా వస్తుంది? మీ నలభై మందీ చేతులాపాలి. ఆ నిశ్శబ్దం అద్దంలోంచి నాకు తగలాలి. అప్పుడు దానంతటది నోట్లోకి వచ్చేది."

"నా వల్లే పోయింది ఎజె. నేనే వాగాను."

"ఊరుకో. నీ వల్లేం కాదు. ఆయనకి చదవడం వచ్చు, అదీ వచ్చిన చిక్కు." నా కొత్త కోటు గుండీ సర్దింది. "ఆ పేజీ నేను తిప్పలేదు కలీపా. నువ్వూ ఎప్పుడూ తిప్పకు."

ఎజె జంబూల్ ఊళ్ళో కూతురు దగ్గరికి వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఎనభై తొమ్మిదిలో పోయిందని బూరుల్ అపా ఎక్కడో విని చెప్పింది. కొత్తగా వచ్చిన చదివే మనిషి పత్రికలో సంపాదకీయం కూడా వదలకుండా చదివేవాడు. రెండయ్యేసరికి మాత్రం నా చేతులు వాటంతటవే నెమ్మదించేవి. ఏళ్ళు గడిచాయి, దేశం పేరు మారింది, కార్ఖానా మూతపడింది, నాకు పెళ్ళయింది, ఆయన పోయాడు. ఏం జరిగినా నాలో ఒక ముక్క ఆ రాతి తలుపు ముందే నిలబడి ఉంది.

ఇప్పుడు నాకు డెబ్భై. నా చెల్లెలి మనవరాలు మీరిమ్ నా ఫోన్లో పుస్తకాలు నింపి పెట్టింది. రోజంతా వింటాను. నక్షత్రాల మధ్య యుద్ధాలు, డ్రాగన్లు, మంత్రాల కోటలు, మనుషుల్లాంటి యంత్రాలు, ఏవీ వదల్లేదు. పదిమంది నటులు కలిసి చేసిన నాటకాలూ విన్నాను. అందరివీ కడిగిన గొంతులు. టీ గిన్నె తగలదు, దగ్గు రాదు, పేజీ చప్పుడు అసలే ఉండదు. ఎవరి కథలోనైనా తలుపు వస్తే చాలు, చెయ్యి పని మానేసి చెవులు రిక్కిస్తాను. ఇదే అయ్యుంటుందేమో, ఆ రచయితెవరో ఎలాగో విని ఉంటాడేమో అని. ఇంత వయసొచ్చి ఇదేం ఆశ అని నన్ను నేనే తిట్టుకుంటాను.

పోయిన మంగళవారం మీరిమ్, "అవ్వా, నువ్వు ఎప్పుడూ చెప్పే నౌక పుస్తకం దొరికింది. చదివినాయన గొంతు బాగుంది," అంది.

వద్దనుకున్నాను. తిప్పకు అంది కదా ఎజె. నాలుగు రోజులు ఫోను పక్క గదిలో పెట్టాను. శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టి, ఆదివారం పొద్దుటికి యంత్రాల గది దగ్గరికి వచ్చాను. నీనా పరిగెత్తింది. మంట వచ్చింది. అక్కడ నేను టీ గిన్నె పట్టుకుని ఊపిరి బిగబట్టాను.

నీనాని ఒక కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. ఇక ఆమె వల్ల ప్రయాణానికి ఏ ఉపయోగమూ లేదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అంతే రాశాడు ఆ మహానుభావుడు. ఆ తర్వాత ఆరు గంటల కథ ఉంది, నీనా మాట లేదు. చివర్లో నౌక భూమికి వచ్చాక, మెట్ల మీద నుంచి ఆమెని దించి తల్లికి అప్పగించారు. తల్లి ఏడ్చింది. నీనా ఏమందో రాయలేదు.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ పేజీ ఎందుకు లేచి మళ్ళీ పడిందో, అద్దాల అవతల వంచిన నలభై తలలని చూస్తూ ఆ మనిషి ఎంతసేపు టీ గిన్నె పట్టుకుని కూర్చుందో, నలభై ఎనిమిదేళ్ళకి తెలిసింది. ఆమె మా మోకాళ్ళ మీద దుప్పటి కప్పనివ్వలేదు. ఎజె ఎదురుగా ఉంటే ఆమె చేతులు నా మొహానికి అద్దుకునేదాన్ని. లేదు. ఎవరికి చెప్పుకోను?

ఎర్గెష్‌కి ఫోన్ చేశాను. వాడు ఇప్పుడు ఊరి అవతలి వైపు కొడుకు దగ్గర ఉంటున్నాడు.

"ఒరేయ్, నౌక పుస్తకం దొరికింది. విన్నాను."

"నీనాని ఏం చేశారు?"

"కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు."

"అనుకున్నాలే," అన్నాడు. "అలాంటిదేదో ఉంటుందని అప్పుడే అనుకున్నాం."

"అనుకున్నామా? ఎవరెవరు?"

"ఏమే, నాకు కళ్ళు లేవుగానీ చెవులు లేవా? ఆ పేజీ లేచి పడటం హాలంతా విన్నాం. ఆ సాయంత్రమే బూరుల్ అపా అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది, ఎవడైనా నోరు విప్పితే స్క్రూడ్రైవర్ దించుతానని."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నీకా? నువ్వు వాగుడుకాయవి కదే. దీనికి మాత్రం చెప్పొద్దంది అపా. అయినా నువ్వే వాగావు."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ముప్పై తొమ్మిది మంది నా దగ్గర దాచిన రహస్యాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నానని విర్రవీగాను.

"నా మీద కోపం రాలేదట్రా?"

"రాకపోవడమేంటి? పంటి నొప్పని రెండు వారాలు మాట్లాడలేదు, గుర్తులేదూ? నా పళ్ళు ఇప్పటికీ గట్టివే."

ఇద్దరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఎవరమూ ఫోన్ పెట్టలేదు. వాళ్ళింట్లో గోడ గడియారం మోగింది. ఒకటి, రెండు.

"రెండయింది," అన్నాను. "నీనా చెయ్యి ఇంకా తలుపు మీదే ఉందిరా ఎర్గెష్. నేను తియ్యలేకపోతున్నాను. అవతల ఎవరున్నారో ఎజెకే తెలియలేదు, నాకేం తెలుస్తుంది?"

వాడి ఊపిరి వినబడలేదు, లైను తెగిందనుకున్నాను. అప్పుడు ఫోన్లోంచి చప్పుడు వచ్చింది, చెక్క మీద వేలి కణుపులు. టక్ టక్ అని రెండు దగ్గరగా. ఆగి, ఒకటి.

నా చెయ్యి దానంతటది గాల్లోకి లేచింది.

"తియ్యవే," అన్నాడు ఎర్గెష్. "ఎంతసేపు బయట నిలబెడతావు?"